తప్పెటకు కళ్ళుంటాయి

మొన్న ఆదివారం రాత్రి మా ఫుట్‌బాల్ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ట్రెజరర్ ప్రైజుల ఫంక్షను లెక్కలు పెట్టాడు. హాలుకింత, షీల్డులకింత, భోజనాలకింత అని రాసుకుంటూ వచ్చి చివర్లో "తప్పెటలోళ్ళు 9,000" అని రాసి (మా వైపు డప్పును తప్పెట అంటాం), ఆ ఒక్క వరుస పక్కన మాత్రం రెండు ఆశ్చర్యార్థకాలు వేశాడు. నిమిషం తిరక్కముందే మా స్టాపర్ బ్యాక్ అందుకున్నాడు. "వచ్చే ఏడు డీజే చాలు సామీ, ఆ మోత మనకొద్దు." దాని కింద పదకొండు బొటనవేళ్ళు లేచాయి. పదకొండంటే నిండు టీము కదా, ఇక నాలాంటి వాడు సబ్‌స్టిట్యూట్ బెంచీ మీద కూర్చుని చూడాల్సిందే.

గ్రూపులో వాదిస్తే మాట మీద మాట పెరుగుతుంది, పైగా పొద్దున ఆరింటికి అందరం మళ్ళీ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో మొహమొహాలు చూసుకోవాలి. అందుకని ఇక్కడ రాస్తున్నాను. నా మాట ఇది: ఏడాదికొకసారి జరిగే ఆ ఫంక్షనులో వాయించే మనుషులు ఉండాలి. పాటలు పెట్టే పెట్టె సరిపోదు. డీజే చెడ్డదనో, మన జానపద కళలను కాపాడాలనో కాదు. కళలను కాపాడే స్థోమత మాకు లేదు, గోల్‌పోస్టుకు వల కొనడానికే చందాలు ఎత్తేవాళ్ళం. నా కారణం అంతకంటే చాలా చిన్నది. మూడేళ్ళలో మూడు రకాలు చేసి చూశాక తెలిసొచ్చింది.

ఇరవై అడుగులు

ముందటేడాది డీజే. రెండు నల్ల పెట్టెలు, రంగురంగుల లైట్లు, ల్యాప్‌టాప్ ముందు ఒక పిల్లవాడు. ఆరు వేలు. పేరు పిలవగానే ఒక బటన్ నొక్కేవాడు, సినిమాలో హీరో వచ్చినప్పటి లాంటి సౌండు ఒకటి ఐదు సెకన్లు మోగి ఆగిపోయేది. ముందు వరుసల్లో కూర్చున్న కుర్రవాళ్ళకు అది బ్రహ్మాండంగా సరిపోయింది. ఒక్క గెంతులో స్టేజి ఎక్కేస్తారు కదా.

తర్వాత మా గోల్ కీపర్ పేరు పిలిచారు. సీజను ఆఖరి మ్యాచిలో మోకాలు మెలిపడి, చంకలో కర్ర పెట్టుకుని వచ్చాడు ఆ రోజు. కాలు చాపుకోవడానికి వీలుగా ఉంటుందని వెనక వరుసలో కూర్చోబెట్టాం. సౌండు మోగింది, ఆగింది. అతను ఇంకా కుర్చీలోంచి లేవనే లేదు. లేచి, కర్ర సరిచేసుకుని, కుర్చీల మధ్యలోంచి నడవడం మొదలుపెట్టాడు. హాలంతా నిశ్శబ్దం. సిమెంటు గచ్చు మీద కర్ర టక్కు, చెప్పు జర్రు, మళ్ళీ కర్ర టక్కు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు గానీ సగంలో చేతులు నొప్పెట్టి ఆపేశారు. డీజే పిల్లవాడికి ఏం చెయ్యాలో తోచక అదే బటన్ ఇంకోసారి నొక్కాడు. ఈసారి కొందరు నవ్వారు. వాళ్ళు నవ్వింది సౌండు చూసే, మనిషిని చూసి కాదు. కానీ నడుస్తున్న మనిషికి ఆ తేడా ఎట్లా తెలుస్తుంది? అతని చెవులు ఎర్రబడడం నేను పక్కనుంచి చూశాను. ఇరవై అడుగులు ఉంటుందేమో ఆ దూరం. పదిహేడు మ్యాచులు మా గోలు కాసిన మనిషి, ఆ ఇరవై అడుగులు తప్పు చేసినవాడిలా నడిచాడు.

ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. అతను తల వంచుకుని స్క్రీను చూస్తున్నాడు, అతని పని అది. అయినా ఆ ఐదు సెకన్ల సౌండును తయారుచేసిన వాళ్ళెవరో, మోకాలికి కట్టు కట్టుకున్న మనిషిని లెక్కలోకి తీసుకుని ఉండరు.

పాటకచ్చేరి

దాంతో పోయినేడు పాటకచ్చేరి పెట్టించాం. ఆ మాట నేనే గట్టిగా పట్టుబట్టాను కాబట్టి నింద కూడా నాకే రావాలి. కీబోర్డు, రిథమ్ ప్యాడ్, ఒక గాయకుడు, ఒక గాయని. పద్దెనిమిది వేలు, రానుపోను ఖర్చులు వేరే. లైవ్ కదా, మనిషిని చూసి వాయిస్తారు కదా అనుకున్నాను.

వాళ్ళు చూశారు, కాకపోతే ముఖ్య అతిథిని చూశారు. ఆయన ఏడింటికి రావాల్సింది తొమ్మిదింటికి వచ్చాడు, వచ్చీ రాగానే ఆయన వెంట వచ్చినవాళ్ళు చీటీల మీద పాటల పేర్లు రాసి పంపడం మొదలుపెట్టారు. టాప్ స్కోరర్ పేరు పిలిచే సమయానికి గాయకుడు రెండో చరణంలో ఉన్నాడు. మా ప్రెసిడెంటు చెయ్యి ఊపాడు, గాయకుడు దాన్ని మెచ్చుకోలు అనుకుని ఇంకాస్త రాగం తీశాడు. ఆఖరికి ఆ షీల్డు పాట వెనకాల, గాయని చున్నీకి కీబోర్డు స్టాండుకి మధ్య ఉన్న సందులో ఇచ్చాం. ఫొటోలో షీల్డు సగమే పడింది, మా స్ట్రైకర్ ముఖం అసలు పడలేదు.

అప్పట్లో ఇంకో గొడవ కూడా వచ్చింది. టీములో బ్యాంకులో పనిచేసే ఒకాయన ఉన్నాడు, ప్రతిదానికీ రూలు వెతుకుతాడు. సినిమా పాటలకు లైసెన్సు తీసుకోవాలేమో అని పట్టుకున్నాడు. నేనూ కూర్చుని చదివాను. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షనులో మినహాయింపుల చిట్టా పొడుగ్గా ఉంటుంది, అందులో అమెచ్యూర్ క్లబ్బుల ముక్క కూడా ఒకటుంది. డబ్బు కట్టని ప్రేక్షకుల ముందు అమెచ్యూర్ క్లబ్బు పాట ప్రదర్శిస్తే అది ఉల్లంఘన కాదు. చదివి నాకు నవ్వొచ్చింది. క్లబ్బువాళ్ళే పాడుకుంటారని, వాళ్ళే వాయించుకుంటారని అనుకుని రాసినట్టుంది ఆ వాక్యం. మేమేమో డబ్బులిచ్చి మనుషులను పిలిపించి, మా ఫంక్షనును వాళ్ళ చేతిలో పెట్టి, షీల్డులు సందుల్లో పంచుకుంటున్నాం.

కాబట్టి లైవ్ అయినంత మాత్రాన సరిపోదని నేనూ ఒప్పుకుంటాను. కచ్చేరి అంటే దానికి దాని సొంత రాత్రి కావాలి. మా రాత్రిని దానికి అప్పుగా ఇచ్చేస్తే తిరిగి రాదు.

ముగ్గుపిండి పెద్దాయన

ఈ ఏడు మొదట ఉరుములవాళ్ళను పిలుద్దామనుకున్నాం. ఉరుము తెలుసుగా, ఒకవైపు పుల్లతో కొడుతూ ఇంకోవైపు వంకర పుల్లతో రుద్దుతుంటే మబ్బు గర్జించినట్టు మూలుగుతుంది. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే మా అనంతపురం జిల్లాలో ఉరుము పేరుతో వాయిద్యం పుట్టిందంటే ఆశ అట్లాంటిది మరి. వాళ్ళకు అదే రోజు జాతర ఉండి కుదరలేదు. శింగనమల వైపు నుంచి తప్పెటలవాళ్ళు దొరికారు. ఆరుగురు, ఆరు తప్పెటలు.

ఫంక్షనుకు గంట ముందే వచ్చి హాలు వెనక పెరట్లో శనక్కాయ పొట్టు, పాత పేపర్లు వేసి మంట పెట్టారు. తప్పెటను మంటకు చూపించి, తిప్పి, మళ్ళీ చూపించి, వేలి గోటితో కొట్టి వింటారు. చర్మం బిగిసేకొద్దీ "దబ్బు"మనేది కాస్తా "ఠంగు"మంటుంది. కుడిచేతిలో లావు చిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. వాచ్‌మన్ వచ్చి పొగేంది, మంటేంది అని అరిచాడు. గుంపులో పెద్ద తలెత్తకుండానే "తోలు చల్లగుంటే మాట్లాడదు సామీ" అన్నాడు. మా అండర్-14 పిల్లలంతా ఆ మంట చుట్టూ చేరారు, లోపల ముఖ్య అతిథి ప్రసంగానికి ఖాళీ కుర్చీలే దిక్కయ్యాయి. (ప్రసంగం తొందరగా ముగిసింది. తప్పెటల వల్ల జరిగిన తొలి మేలు అదేనని నా నమ్మకం.)

ఒక్కొక్కరి పేరు పిలుస్తుంటే దరువు మొదలవుతుంది, మనిషి స్టేజి మెట్టు మీద కాలు పెట్టగానే ఠక్కున ఆగుతుంది. ఎవరూ వాళ్ళకు సైగ చెయ్యలేదు. చిన్న పిల్లలకు చిన్న దరువు. మా లెఫ్ట్ వింగర్ గర్ల్‌ఫ్రెండు వైపు చూసుకుంటూ కావాలని నెమ్మదిగా నడిస్తే, దరువు కూడా వెక్కిరిస్తూ నెమ్మదించింది. హాలంతా నవ్వింది, వాడూ నవ్వాడు. గోల్ కీపర్ మీద వచ్చిన నవ్వుకు, దీనికి తేడా ఏంటో ఆ రాత్రి నిద్రపట్టేదాకా ఆలోచించాను.

ఆ తర్వాత, మా గ్రౌండులో గీతలు వేసే పెద్దాయనకు స్పెషల్ ప్రైజు అన్నారు. అడుగున బొక్కలు పొడిచిన డబ్బాలో ముగ్గుపిండి పోసుకుని, తాడు పట్టి, మ్యాచి రోజు ఎండ ఎక్కకముందే పెనాల్టీ బాక్సు గీసి వెళ్ళిపోయే మనిషి. ఆయన ముఖాన్ని చాలామంది ఆటగాళ్ళు సరిగ్గా చూసింది కూడా లేదు. పేరు పిలిస్తే ఆయన లేవలేదు. గుమ్మం పక్కన గోడకానుకుని నిలబడి, నేను కాదు అన్నట్టు చెయ్యి అడ్డంగా తిప్పాడు. ఇంకోసారి పిలిచారు. ఇంకాస్త గోడకు అతుక్కున్నాడు. మైకు దగ్గర కుర్రవాడు "సరే, తర్వాత..." అని కాగితం తిప్పబోతున్నాడు.

అప్పుడు తప్పెటల పెద్ద స్టేజి పక్కనుంచి కదిలి, తన గుంపును అక్కడే వదిలేసి, ఒక్కడే వాయిస్తూ గుమ్మం దాకా నడిచాడు. పెద్ద చప్పుడు కూడా కాదు, చిటికెన పుల్లతో మెల్లగా, పిలుస్తున్నట్టు. పెద్దాయన ముందు నిలబడి, వెనక్కి నాలుగడుగులు వేశాడు, వాయించడం మాత్రం ఆపలేదు. పెద్దాయన పైపంచె దులుపుకున్నాడు. మళ్ళీ దులుపుకున్నాడు. ఒక అడుగు వేశాడు. ఆ అడుగుకు చిర్ర దెబ్బ ఒకటి పడింది. ఇంకో అడుగు, ఇంకో దెబ్బ. అట్లా ఆయన్ను స్టేజి దాకా తీసుకొచ్చాడు, దారి పొడుగునా ఆయన అడుగే తాళం. ఆ నడక ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. ముందే రికార్డు చేసి పెట్టుకోగలిగింది కాదది. ఆయన వస్తాడో రాడో ఆయనకే తెలియనప్పుడు, ఆ పాటను ఎవరు ఎంత నిడివికి కోసి పెట్టుకోగలరు?

నా వాదన మొత్తం ఇంతే. ఆడేటప్పుడు మనల్ని చూసేవాళ్ళు కొద్దిమందే. గోలు పడితే చప్పట్లు గోలు కొట్టినవాడికి పోతాయి. ఏడాదికొకసారి పేరు పిలిచి ముందుకు రమ్మన్నప్పుడైనా, వచ్చే మనిషి నడకను చూసి వాయించే చెయ్యి ఒకటి ఉండాలి.

ఇది మన పల్లె పిచ్చి మాత్రమే కాదు. రియో డి జనీరోలో ఫ్లమెంగో క్లబ్బుకు 1942లోనే జైమీ డి కార్వాల్యో అనే అభిమాని స్టేడియంలో బ్యాండు పెట్టాడు. దానికి 'షరాంగా' అని పేరు, శ్రుతి లేని బ్యాండు అన్న వెక్కిరింతే పేరుగా నిలిచిపోయింది. ఆ కాలంలోనే ఆరీ బరోసో అని పెద్ద పాటల రచయిత రేడియోలో మ్యాచి కామెంటరీ చెబుతూ, గోలు పడితే అరవకుండా మౌతార్గాన్ ఊదేవాడు. ఫ్లమెంగో గోలైతే కాస్త ఎక్కువ ఊదేవాడట. పక్షపాతమే, అయినా నాకు ముద్దొచ్చే పక్షపాతం. ఎవరు గోలు కొట్టారో చూసి ఊదాడు మరి.

చెవులు, డబ్బులు

ఇంక ఎదుటివాళ్ళ మాట. మోత అన్న మా స్టాపర్ బ్యాక్‌ది అబద్ధం కాదు. రేకుల కప్పు హాల్లో ఆరు తప్పెటలు ఒకేసారి మోగితే గుండెలో ఎవరో తలుపు కొట్టినట్టుంటుంది. మా మిడ్‌ఫీల్డర్ భార్య మూడు నెలల బిడ్డను ఎత్తుకుని మొదటి దరువుకే బయటికి వెళ్ళిపోయింది, భోజనాల దాకా మళ్ళీ లోపలికి రాలేదు. వాళ్ళాయన ప్రైజు తీసుకోవడం ఆమె చూడలేదు. దీనికి నా దగ్గర సమాధానం లేదు, సర్దుబాటు ఉంది: ఆరుగురు అక్కర్లేదు, ఇద్దరు చాలు, అదీ పెరట్లో. పది లోపల ముగించాలి కూడా. 2000 నాటి శబ్ద నియమాలు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆపమన్నది స్పీకర్లను ఒక్కటే కాదు, ఆరుబయట వాయిద్యాలకూ అదే రూలు. తప్పెటకు మైకు లేదు కదా అని తప్పించుకోలేం.

డబ్బు సంగతి. తొమ్మిది వేలకు మంచి బంతులు ఆరేడు వస్తాయి. మా పిల్లల్లో కొందరు ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే స్పోర్ట్స్ విలేజ్ పచ్చిక మీద ఆట నేర్చుకుని వచ్చినవాళ్ళు. ఆ గ్రౌండు చూసిన కళ్ళతో మా గులకరాళ్ళ గ్రౌండును, కుట్లు ఊడిన బంతిని చూసి పాపం ఏమీ అనరు. వాళ్ళను చూస్తే నాకూ అనిపిస్తుంది, పాటలకు పెట్టే ప్రతి రూపాయీ బంతికి పెట్టాల్సిందే కదా అని. కానీ అదే లెక్కన మెమెంటోలు కూడా దండగే. గాజు ముక్క మీద బంగారు రంగు బంతి, ఆరు నెలలకు రంగు పోతుంది. వాటికి పద్నాలుగు వేలైంది ఈ ఏడు. దాని పక్కన ట్రెజరర్ ఆశ్చర్యార్థకం పెట్టలేదు.

రైట్ బ్యాక్ అడిగింది

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది మోతా కాదు, డబ్బూ కాదు.

మా రైట్ బ్యాక్ వాళ్ళ నాయన తప్పెట కొడతాడు. పేరున్న చెయ్యి. ఫంక్షనుకు ముందు నేనే, గొప్ప ఆలోచన చేశాననుకుని, "మీ నాయన వాళ్ళనే పిలుద్దామా?" అని అడిగాను. బూటు లేసులు కట్టుకుంటున్నవాడు ఆగి, "అన్నా, నేను ఆ స్టేజి ఎక్కేది షీల్డు కోసం. మా నాయన కింద నిలబడి కొడ్తాంటే నేనెట్ల ఎక్కేది?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాడు కోపంగా కూడా అనలేదు. లేసులు కట్టుకుని లేచి పోయాడు.

నేను పెరిగిన వీధిలో తప్పెట అంటే పండగ. వాడు పెరిగిన వాడలో తప్పెట అంటే ఎవరో వచ్చి గుమ్మం బయట నిలబడి "రేపు పొద్దున్నే రావాల" అని చెప్పిపోయే పిలుపు. పెళ్ళికీ అదే పిలుపు, చావుకూ అదే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగల దండోరా ఉద్యమం ఆ చప్పుడునే పేరుగా పెట్టుకుని తలెత్తుకుంది, ఇప్పుడు యాభై దాటిన డప్పు కళాకారులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 4,000 పింఛనిస్తోంది. ఇదంతా నిజమే. అయినా ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాడికి, వాళ్ళ నాయన చేతిలో చిర్ర చూసి ఎవరెవరు ఏమేమి అన్నారో గుర్తుంటుంది. దానిముందు నా 'నడక, తాళం' సిద్ధాంతం చదువుకున్నవాడి ముచ్చటలా కనిపిస్తుంది, నాకే.

ఈ కారణంగా తప్పెటే వద్దంటే? కొన్నాళ్ళు అట్లాగే అనుకున్నాను. వాడి మాటకు భయపడి డీజేకు ఓటేద్దామనుకున్నాను కూడా. కానీ తప్పెటను పిలవకపోతే ఆ ఆరుగురికి ఒక రోజు పని పోతుంది తప్ప, అవమానం ఏమీ పోదు. పైగా మా టీములో చెక్కభజన వేసేవాడు ఒకడున్నాడు, వాళ్ళ ఊరి గుడి ముందు రాత్రంతా గుండ్రంగా తిరుగుతూ అడుగులేస్తాడు, అతని డ్రిబ్లింగు అక్కడిదేనని నా అనుమానం. అతన్ని వచ్చే ఏడు చెక్కలు తెమ్మంటే వెంటనే ఒప్పుకున్నాడు. భజనకు పిలిస్తే గౌరవం, తప్పెటకు పిలిస్తే కూలి. రెండూ వాయిద్యాలే, రెండూ చేతులే. తేడా వాయిద్యంలో లేదని అర్థమయ్యాక, దాన్ని మార్చేసినంత మాత్రాన ఒరిగేదేముంది?

ఫంక్షను అయిన వారానికి ప్రాక్టీసు తర్వాత మా రైట్ బ్యాక్‌ను పక్కకు పిలిచి అడిగాను, తప్పెటలవాళ్ళు వచ్చారని బాధపడ్డావా అని. నీళ్ళ సీసా మూత తిప్పుతూ కాసేపు ఏమీ అనలేదు.

"బాగానే కొట్టినారన్నా. ఆ ముగ్గు పెద్దాయన్ను పిల్చకచ్చినాడే, అది బాగుండె."

"మరి?"

"అన్నం ఆఖర్న తిన్నారు. చూసినావా?"

చూడలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర వడ్డించింది నేనే. ఓళిగల బుట్ట నా చేతిలోనే ఉంది. మొదటి బంతి ఆటగాళ్ళు, రెండో బంతి ఇంటివాళ్ళు, మూడో బంతి హాలువాళ్ళు, డ్రైవర్లు. ఆరుగురూ పెరట్లో ఆరిపోయిన మంట దగ్గర కూర్చుని ఉన్నారు, తప్పెటలు ఒళ్ళో పెట్టుకుని. పదిన్నరకు ఎవరో వెళ్ళి పిలిచారు. అప్పటికి ఓళిగలు అయిపోయాయి, చిత్రాన్నం, పెరుగన్నం మిగిలాయి. నాకు ఓళిగలు అయిపోవడం గుర్తుంది, ఎవరికి అందలేదో గుర్తులేదు. వాడు చెప్పాక గుర్తొచ్చింది.

నిన్న మీటింగులో డీజేనా తప్పెటా అన్నది తేలలేదు, వచ్చే నెలకు వాయిదా పడింది. తప్పెట వస్తే ఇద్దరే, పెరట్లోనే అని నేనన్నది రాసుకున్నారు. రెండోది కూడా రాయమన్నాను: ఎవరు వాయించినా, డీజే పిల్లవాడైనా సరే, మొదటి బంతిలోనే ఆటగాళ్ళతో పాటు వాళ్ళకూ ఆకులు వేయాలి. ట్రెజరర్ పెన్ను ఆపి నా వైపు చూశాడు.

"అది ఏ పద్దు కింద రాయాలన్నా?"